టోకాయ్‌లో రెండు రాత్రులు: ఒక్క రోజులో చూసి వచ్చేయకండి

హంగరీ రాజధాని బుడాపెస్ట్ నుంచి పొద్దున్నే బయల్దేరితే, తియ్యటి వైన్‌కి పేరున్న టోకాయ్ ఊరు చూసుకుని రాత్రికి తిరిగి వచ్చేయొచ్చని మాకు చాలామంది చెప్పారు. కెలెటి స్టేషన్ నుంచి రైల్లో రెండున్నర, మూడు గంటలే కాబట్టి వచ్చేయొచ్చు, నిజమే. కానీ అలా వెళ్తే పొద్దుటి పొగమంచు చూడరు, అది చూడకపోతే ఆ ఊళ్లో వైన్ ఎందుకు అంత తియ్యగా ఉంటుందో అర్థం కాదు. నేనూ మా ఆవిడా అక్టోబర్ మధ్యలో వెళ్లి రెండు రాత్రులు ఉన్నాం.

ఊరు చిన్నది, జనాభా నాలుగు వేలు అటూ ఇటూ. బోద్రోగ్ నది వచ్చి టీసాలో కలిసే చోట, సంగమాన్ని ఆనుకునే ఊరు, వెనకాల 500 మీటర్లు దాటిన కొండ. దాని పేరు కోపస్, అంటే బోడి, అచ్చం మనవాళ్లు బోడికొండ అన్నట్టే. మొదటి రాత్రి గడిచాక పొద్దున ఆరున్నరకి లేచి నది ఒడ్డుకి వెళ్తే అవతలి ఒడ్డు లేదు, వంతెన సగం వరకే కనిపిస్తోంది, తొమ్మిది దాటేదాకా అంతే. మధ్యాహ్నానికి చక్కటి ఎండ. ఆ మంచు తడికి ద్రాక్షకి ఒక రకం బూజు పడుతుంది, పైతొక్కకి సన్నటి చిల్లులు పడి లోపలి నీరు ఎండకి ఆవిరైపోతుంది, పండు ముడుచుకుపోయి తీపీ పులుపూ రెండూ చిక్కబడతాయి. ఆ పండునే అసూ అంటారు. గుత్తి అంతా ఒకేసారి ఇలా అవదు కాబట్టి ఒకే తోటకి మళ్లీ మళ్లీ వచ్చి ఒక్కో పండూ చేత్తో ఏరాలి. కొండ వాలులో ఏరుతున్న ఒక పెద్దావిడ మా ఆవిడ అరచేతిలో నాలుగు పళ్లు పెట్టింది. బూజు చూసి కాస్త జంకినా నోట్లో వేసుకున్నాక తను ఏమీ మాట్లాడలేదు, ఇంకో నాలుగు అడిగింది.

బస విషయం. మొదటి రాత్రి నది దగ్గర ఒక హోటల్లో దిగాం. నది కనిపించే గది అని ఎక్కువ కట్టించుకున్నారు, కిటికీ తెరిస్తే కార్ల పార్కింగ్, పార్కింగ్ చివర చెట్ల సందులోంచి ఓ గీత నీళ్లు. అడిగితే గదులన్నీ నిండిపోయాయన్నారు. టిఫిన్ కూడా విడిగా కట్టాలని పొద్దున చెప్పారు. రెండో రాత్రి అక్కడి నుంచి మారిపోయాం, ఊరి వెనక వీధిలో "సొబ కియాదో", అంటే గది అద్దెకి, అని బోర్డు పెట్టిన ఇంట్లోకి. హోటల్లో ఒక రాత్రికి అయిన డబ్బుతో ఇక్కడ రెండు రాత్రులు ఉండొచ్చు. ఆ ఇంటి పెద్దావిడకి హంగేరియన్ తప్ప ఇంకో భాష రాదు, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం, అయినా పొద్దున్నే బ్రెడ్డు, ఇంట్లో చేసిన ఆప్రికాట్ జామ్, తోటలో మిరపకాయలు బల్ల మీద పెట్టి మేం తినేదాకా పక్కనే నిలబడింది. నా ఓటు ఇలాంటి ఇళ్లకే. డబ్బు మాత్రం ఫోరింట్లలో, నగదుగా తీసుకెళ్లండి, హంగరీలో యూరో లేదు.

ఆవిడ దగ్గరే తెలిసింది, హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. వాళ్ల 500 ఫోరింట్ల నోటు మీద బొమ్మ ఉన్నాయన రాకోట్సి ఫెరెంత్స్, ఇంటిపేరు రాకోట్సి. విభక్తులు కూడా మాట వెనకాలే అతుక్కుంటాయి, "టోకాయ్‌బన్" అంటే టోకాయ్‌లో. ఇది తెలిశాక స్టేషన్‌లో బోర్డులు చదవడం మాకు చాలా సరదాగా అనిపించింది.

ఇక సెల్లార్లు, అంటే వైన్ దాచే నేలమాళిగలు. కోషూత్ చౌక్‌లో ఉన్న రాకోట్సి సెల్లార్ చూడకుండా రావద్దు. కొండ కింద తొలిచిన సొరంగాలు, మధ్యలో పెద్ద హాలు, 1526లో సాపొయాయి యానోష్‌ని హంగరీ రాజుగా ఎన్నుకున్నది ఇక్కడే అని చెప్తారు. ఎండాకాలం వెళ్లినా స్వెటర్ కావాలి, లోపల ఎప్పుడూ పది పన్నెండు డిగ్రీలే. గోడల నిండా నల్లటి మెత్తటి బూజు, ముట్టుకుంటే దూదిలా ఉంటుంది. పీపాల్లోంచి వచ్చే ఆవిరి మీదే అది బతుకుతుంది, దాన్ని ఎవరూ కడగరు.

ఇంకో చోట, పేరు వద్దు, ఆరు రకాలు రుచి చూపిస్తామని పాతిక నిమిషాల్లో గ్లాసులు మార్చేసి, చివర్లో సీసాలు కొనమని బాగా ఒత్తిడి చేశారు. దానికి పూర్తి వ్యతిరేకం, మర్నాడు వెళ్లిన ఒక కుటుంబం సెల్లార్. ముందురోజు ఫోన్ చేసి చెప్పాలి, అంతే. ఆ ఇంటాయన రెండు గంటలు కూర్చోబెట్టి పుట్టోన్య్ అంటే ఏమిటో చెప్పాడు. పుట్టోన్య్ అంటే వీపుకి తగిలించుకునే బుట్ట, సుమారు 25 కిలోల అసూ పళ్లు పడతాయి. 136 లీటర్ల పీపాకి అలాంటివి ఎన్ని కలిపితే అన్ని పుట్టోన్యుల వైన్. ఇప్పుడు బుట్టలు లెక్కపెట్టరు, తీపి కొలుస్తారు, అసూ అని పేరు పెట్టాలంటే లీటరుకి కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలి. తర్వాత ఎసెన్సియా, అంటే పళ్లు తమ బరువుకి తామే కారిన రసం. దాన్ని గ్లాసులో పోయలేదు, తీర్థం ఇచ్చినట్టు చెంచాతో ఇచ్చాడు. తేనె, ఆప్రికాట్, నారింజ తొక్క, వెనకాలే పులుపు. నిమిషం దాటినా నాలుక మీద ఉంది.

తీపి పెద్దగా ఇష్టం లేనివాళ్లు ఫుర్మింట్ ద్రాక్షతో చేసే తీపి లేని వైన్లు, లేదా గుత్తులు ఏరకుండా ఉన్నవి ఉన్నట్టు తొక్కి చేసే సమొరోద్ని అడగండి. సమొరోద్నిలో తీపి లేనిది కూడా ఉంటుంది, నాకు అసూ కంటే అదే నచ్చింది. ఈ మాట అంటే అక్కడివాళ్లు కూడా సంతోషించారు. కారు తీసుకుని వెళ్తే మాత్రం ఒక్క చుక్క కూడా తాగకూడదు, హంగరీలో డ్రైవర్‌కి పరిమితి సున్నా.

తిండి దగ్గర నాకు ఇబ్బంది లేదు, నది చేపలతో ఎర్రగా వండే హలాస్లే పులుసు రెండు పూటలా తిన్నాను. మా ఆవిడ శాకాహారి, తనకి కొంచెం కష్టమే. వేయించిన చీజ్ ప్రతిచోటా దొరుకుతుంది. జున్నులాంటి తూరోతో చేసే నూడుల్స్ కూడా బాగుంటాయి, పైన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే వద్దని చెప్పాలి. బల్ల మీద "ఎరోష్ పిష్టా" అనే మిరప ముద్ద సీసా కనిపిస్తే వదలకండి, ఉప్పు వేసి నూరిన పండుమిరపకాయ, మన కొరివికారం గుర్తొస్తుంది. అక్టోబర్ మామూలు రోజుల్లో ఎనిమిదికే వంటిల్లు మూసేస్తామన్నారు, పెందలాడే తినేయండి. సోమవారం మ్యూజియంలు ఉండవు.

చివరి రోజు సగం మాద్ అనే పల్లెకి ఇచ్చాం. అక్కడ 1795 నాటి యూదుల ప్రార్థనా మందిరం ఉంది, లోపల లేత రంగుల నగిషీలు, పైకప్పు నుంచి చూపు తిప్పుకోలేం. ఈ ప్రాంతంలో వైన్ వ్యాపారం చాలావరకు నడిపినవాళ్లు యూదులే. 1944లో వాళ్లని రైళ్లెక్కించి ఆష్విట్జ్‌కి పంపేశారు, ఇప్పుడు అంత అందమైన మందిరం ఉంది, అందులో కూర్చుని ప్రార్థించే ఊరివాళ్లు లేరు. మేం చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాం. వైన్ కోసం మాత్రమే వచ్చినవాళ్లు కూడా ఇక్కడికి రావాలని నా కోరిక. వెళ్లడానికి టాక్సీ సులభంగానే దొరికింది, తిరుగు టాక్సీ మాత్రం ఫోన్ చేసిన యాభై నిమిషాలకి వచ్చింది, రైలు టైముకి అందుతామా అని ఒకటే టెన్షన్. వెళ్లేటప్పుడే రాకకి కూడా మాట్లాడుకోండి.

టోకాయ్ స్టేషన్ ఊరి చివర, నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. చక్రాల పెట్టె ఉంటే పర్లేదు కానీ సీసాలు కొన్నాక బరువు తెలుస్తుంది. అసూ సీసాలు అరలీటరువి. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ లేదు కాబట్టి నాలుగు సీసాలు పడతాయి. చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి. మేం మూడు కొన్నాం, నాలుగో చోట ఆ ఇంటావిడ ఇచ్చిన ఆప్రికాట్ జామ్ సీసా పెట్టాం.