ఇత్తడి కొమ్మల షాండ్లియర్: కొన్నేళ్ల వాడకం తరువాత

కొమ్మల్లా చీలిన ఇత్తడి గొట్టాల చివర నోటితో ఊదిన గాజు గోళాలు అమర్చే ఈ తరహా దీపాలకు న్యూయార్క్ రూపకర్త లిండ్సే ఏడెల్‌మన్ 2006లో చేసిన ‘బ్రాంచింగ్ బబుల్’ బాగా పేరు తెచ్చింది. విశాఖలో మా భోజనాల బల్లపై వేలాడుతున్నది ఆ స్టూడియో సరుకు కాదు. మొరాదాబాద్ ఇత్తడితో, ఫిరోజాబాద్ గాజుతో మన దేశంలోనే తయారైన ఐదు గోళాల దీపం.

గాజుకు వంక పెట్టలేను. ఊదిన గోళం మందం ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఉండటం వల్ల లోపలి చిన్న బల్బు వెలుగు గోడ మీద అలలు అలలుగా పరుచుకుంటుంది. ఒక గోళం మెడ దగ్గర ఆవగింజంత గాలిబుడగ ఉంది. కొందరు దాన్ని లోపమంటారు గానీ, నాకు నచ్చింది అదే. అయితే పారదర్శకమైన గాజులోంచి బల్బు నేరుగా కళ్లలో పొడుస్తుంది కాబట్టి, కూర్చున్నవారి చూపుకు ఎదురుగా వేలాడదీసేవారు పాలగాజు ఎంచుకోవడం మేలు.

దీపంతో వచ్చిన జి9 (రెండు పిన్నుల చిన్న రకం) హాలోజన్ బల్బులకు గోళాలు ముట్టుకోలేనంతగా కాలేవి. 2700 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) ఎల్‌ఈడీలు వేశాక ఆ వేడి పోయింది గానీ, వెలుగు తగ్గించే పాత డిమ్మర్ తిప్పితే మినుకుమినుకుమనేవి. ఎల్‌ఈడీకి సరిపడే డిమ్మర్ బిగించాక అదీ సర్దుకుంది. 6500 కెల్విన్ తెల్ల బల్బులు మాత్రం వద్దు, వాటి కింద ఇత్తడి పాలిపోయి కనిపిస్తుంది.

అసలు పరీక్ష ఇత్తడికే. పూత లేని రకం కావడంతో సముద్రపు గాలికి మొదటి వానాకాలంలోనే మెరుపు తగ్గి, కీళ్ల దగ్గర పచ్చగా చిలుము పట్టింది. పూజసామాను తోమినట్టు చింతపండుతో తోమితే నిగనిగలాడుతుంది, నిజమే. కానీ ఆ పులుపు స్క్రూ మరల సందుల్లో నిలిచిపోతే చిలుము మరింత పేరుకుంటుంది. అందుకే పొడి గుడ్డతో తుడిచి, గొట్టాలను వాటి మానాన నల్లబడనిస్తున్నాం. లాకర్ (వార్నిష్ లాంటి పారదర్శకమైన) పూత ఉన్నదైతే పులుపు అసలు తగలనివ్వకూడదు, పూత దెబ్బతింటుంది.

బిగింపులో ఫాల్స్ సీలింగును నమ్మవద్దు. శ్లాబులోని ఫ్యాను కొక్కేనికే వేలాడదీసి, ఫ్యానును గోడకు మార్పించాం, ఎందుకంటే పక్కనే సీలింగు ఫ్యాను తిరిగితే దీపం ఊగుతుంది.

తుడిచేటప్పుడు ఒక గోళం పగిలింది. అమ్మిన దుకాణం నెలల తరబడి తిప్పించుకుని ఇచ్చిన కొత్త గోళం పాతవాటికంటే కాస్త చిన్నది, రంగులోనూ లేత తేడా. చేత్తో ఊదే సరుకులో ఇది తప్పదు కనుక కొనేటప్పుడే అదే విడతలోని గోళాలు ఒకటి రెండు అదనంగా అడిగి తీసుకోండి.