ఎడమచేతి వాటం పిల్లలకి బేస్‌బాల్ గ్లవ్, వాడి చూసి చెప్తున్నా

లెఫ్ట్ హ్యాండర్ పిల్లలకి గ్లవ్ కొనేవాళ్లు ముందు ఒకటి చూసుకోండి, బంతి ఎడం చేత్తో విసిరేవాళ్లకి గ్లవ్ కుడిచేతికి కావాలి. వైజాగ్‌లో స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే చాలాచోట్ల ఎడంచేతికి వేసుకునేదే తీసి చూపిస్తారు. జగదాంబ దగ్గర ఒక షాపాయన మాత్రం మా మేనల్లుడి చేత బంతి విసిరినట్టు చేయించి చూసి మరీ కరెక్ట్‌ది తెప్పించి ఇచ్చాడు, అందుకే ఆ షాపుకి ఫుల్ మార్కులు.

వాడు స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడతాడు, ఇప్పుడు బేస్‌బాల్ పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం, మన క్రికెట్‌లో బౌలింగ్ లాగా) అంటున్నాడు, దానికి కారణం బెర్ట్ షెపర్డ్ అనే పాతకాలం అమెరికా ఆటగాడు. ఈయనా లెఫ్ట్ హ్యాండ్ పిచరే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చిన్న లీగుల్లో ఆడేవాడు, తర్వాత పీ-38 ఫైటర్ పైలట్ అయ్యాడు, 1944 మేలో జర్మనీలో విమానం కూలి కుడికాలు మోకాలి కింద తీసేశారు. అక్కడి యుద్ధఖైదీల క్యాంపులో ఉండగా తోటి కెనడా ఖైదీ ఒకాయన పెట్టుడుకాలు తయారుచేసి ఇస్తే దాంతోనే మళ్లీ బంతి విసరడం మొదలెట్టాడంట! 1945 ఆగస్టు 4న వాషింగ్టన్ సెనేటర్స్ టీమ్ తరఫున బోస్టన్ రెడ్ సాక్స్ టీమ్ మీద దిగాడు, మ్యాచ్ అప్పటికే చేజారిపోయింది, మూడు బేస్‌ల మీదా అవతలి టీమ్ రన్నర్లు పరుగుకి రెడీగా ఉన్నారు, వచ్చీరాగానే బ్యాటర్ని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేసేశాడు. మొత్తం 5⅓ ఇన్నింగ్స్ (ఇన్నింగ్స్‌కి మూడు ఔట్ల లెక్కన 16 ఔట్లు) వేసి ఇచ్చింది ఒక్క పరుగు. లెఫ్ట్ హ్యాండ్ పిచర్ బంతి వదిలేటప్పుడు ఒళ్లు బరువంతా ముందుకేసిన కుడికాలి మీదే పడుతుంది, అంటే ఈయన ప్రతి బంతికీ ఆ పెట్టుడుకాలి మీదే దిగాడన్నమాట, అది తల్చుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పైస్థాయిలో, ఆయనకి అదొక్కటే మ్యాచ్. ఆ ఏడాది వాషింగ్టన్ టైటిల్ రేసులో ఉంది నిజమే, అయినా అంత బాగా వేసినాయనకి ఇంకొక్క ఛాన్స్ ఇవ్వాల్సింది, ఇది నా గట్టి అభిప్రాయం.

సరే గ్లవ్ సంగతి. 12 అంగుళాలది, అసలు తోలు, సింథటిక్ దానికంటే రేటు బాగా ఎక్కువే గానీ బంతి పడితే చేతికి దెబ్బ తెలీట్లేదు. కొత్తలో చెక్కలా బిగుసుకుని ఉంటుంది, కాస్త గ్లవ్ ఆయిల్ రాసి మధ్యలో బంతి పెట్టి గుడ్డతో కట్టి రాత్రంతా వదిలేస్తే మెల్లగా దారికొస్తుంది, ఆయిల్ ఎక్కువైతే మాత్రం బరువెక్కిపోతుంది. బొటనవేలు దగ్గర లేసులు తొందరగా వదులైపోయాయి, మళ్లీ బిగించుకోవాల్సొచ్చింది. బీచ్‌లో ఆడితే ఇసక దులిపి పొడిగుడ్డతో తుడిచి గాలి తగిలేచోట పెట్టండి, మన ఊరి ఉక్కకి బ్యాగులో వదిలేస్తే బూజు పట్టేస్తుంది. పదేళ్ల లోపు గుంటలకైతే ఈ సైజు వద్దు, 11 లోపు అడగండి.