డొమైన్ లేకుండా ఐపీతోనే బిజినెస్ మెయిల్ అంటే డబ్బు కట్టకండి

చిన్న షాపుల వాళ్లకు, కొత్తగా సర్వర్ తీసుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. డొమైన్ అంటే మెయిల్‌కి, వెబ్‌సైట్‌కి మనం కొనుక్కునే పేరు, ఐపీ అంటే నెట్‌లో సర్వర్‌కుండే అంకెల చిరునామా. "డొమైన్ కొనక్కర్లేదు, ఏటా రెన్యూవల్ టెన్షన్ లేదు, సర్వర్ ఐపీ అడ్రస్‌తోనే మెయిల్ నడుస్తుంది" అని ఎవరైనా ప్లాన్ అమ్మజూపితే కాస్త ఆగండి. విజయవాడ ఆటోనగర్‌లో మా బావమరిది స్పేర్ పార్ట్స్ షాపు కొటేషన్ల కోసం ఇలాంటిదే తీసుకున్నాం. ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నారు.

అమ్మినాయన చెప్పింది పూర్తి అబద్ధమైతే మొదటి రోజే దొరికిపోయేవాడు. అందులో సగం నిజం ఉంది. ఎట్ గుర్తు తర్వాత పేరుకు బదులు స్క్వేర్ బ్రాకెట్లలో ఐపీ పెట్టి, అంటే ఆర్డర్స్@[203.0.113.25] లాగా, మెయిల్ పంపొచ్చు. మెయిల్ పంపే పద్ధతి అయిన ఎస్ఎంటీపీకి 1982లో పెట్టిన నియమాల్లోనే ఈ వీలుంది, 2008లో వచ్చిన కొత్త నియమాల పత్రం ఆర్ఎఫ్‌సీ 5321లోనూ ఉంది. డెమోలో వాళ్ల సర్వర్ నుంచి మన సర్వర్‌కి మెయిల్ పంపి చూపించారు, టక్కున వచ్చింది. రాక ఏం చేస్తుంది, రెండు చివరలూ వాళ్లవే కదా!

బయటికొచ్చాక కథ వేరు. ఆ బ్రాకెట్లు చూడగానే చాలా వెబ్‌సైట్ల ఫారాలు, కొన్ని మెయిల్ యాప్‌లు చెల్లని అడ్రస్ అనేస్తాయి. ఫోన్‌లో ఈ అడ్రస్ చెప్పి చూడండి, అవతలి మనిషి "మీ జీమెయిల్ చెప్పండి సార్" అంటాడు.

మనం పంపేవైతే మరీ ఘోరం. జీమెయిల్‌కి పంపిన కొటేషన్ 550 5.7.25 అనే ఎర్రర్‌తో తిరిగొచ్చింది. ఆ ఐపీకి పీటీఆర్ రికార్డు, అంటే ఈ ఐపీ ఫలానా పేరుదని చెప్పే నమోదు, లేదని లేదా సరిపోలడం లేదని దానర్థం. ఐపీ నుంచి పేరుకు, ఆ పేరు నుంచి మళ్లీ అదే ఐపీకి దారి ఉండాలన్నది గూగుల్ షరతు. దాంతోపాటు 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా) గానీ డీకిమ్ (మెయిల్‌పై వేసే డిజిటల్ సంతకం) గానీ తప్పనిసరి చేసింది. ఈ రెండూ డొమైన్ తాలూకు డీఎన్ఎస్‌లో, అంటే పేర్లను ఐపీలతో కలిపే నెట్ డైరెక్టరీలో, పెట్టే రికార్డులు. డొమైనే లేకపోతే ఎక్కడ పెడతాం? సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "స్పామ్ ఫోల్డర్ చూడమనండి" అన్నారు. అసలు చేరని మెయిల్ స్పామ్‌లో మాత్రం ఎందుకుంటుంది?

గట్టిగా అడిగాక వాళ్ల డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్, అంటే వాళ్ల పేరుకు ముందు మన పేరు తగిలించింది, ఇస్తామన్నారు. దీనికి అస్సలు ఒప్పుకోకండి. అప్పుడు మీ మెయిల్ అడ్రస్ వాళ్ల సొత్తు, ప్లాన్ ఆపేసిన రోజున పోతుంది. ఐపీ అడ్రస్‌తోనే ఉండిపోతే ఇంకో ప్రమాదం. ప్లాన్ అయిపోయాక ఆ ఐపీని ఇంకో కస్టమర్‌కి ఇస్తారు. మీ పాత కస్టమర్లు అదే అడ్రస్‌కి పంపే మెయిల్స్ అప్పుడు ఆ కొత్తవాళ్ల సర్వర్ తలుపు తడతాయి. వాళ్లు తీసుకునేలా పెట్టుకుంటే మీ కస్టమర్ల వివరాలు ఎవరో చదువుతారు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఇక్కడే.

ఆఫీసు లోపల ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి అలర్టులు పంపుకోవడానికైతే డొమైన్ లేకుండా నడుస్తుంది, కాదనను. బయటి ప్రపంచంతో ఉత్తరాలు నడపాలంటే డొమైన్ కొనాల్సిందే. డాట్ ఇన్ లాంటివి మామూలుగా ఏడాదికి వందల్లోనే దొరుకుతాయి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యూవల్ ధర అడగండి. రిజిస్ట్రేషన్ మీ పేరున, మీ ఫోన్ నంబరుతో జరగాలి. అమ్మేవాడి పేరున ఉంటే ఆ డొమైన్ మీది కాదు.

డొమైన్ ఉన్నా సర్వర్ తీసుకునేముందు పోర్ట్ 25 (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే దారి) బయటికి తెరిచి ఉంటుందా, పీటీఆర్ పెట్టిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. పీటీఆర్ ఐపీ ఇచ్చినవాళ్లే పెట్టాలి, మన చేతిలో ఉండదు. గూగుల్ క్లౌడ్, అమెజాన్ లాంటి పెద్ద సంస్థలు కూడా పోర్ట్ 25ని మామూలుగా మూసే ఉంచుతాయి. డెమో అడిగితే మీ సొంత జీమెయిల్‌కి పంపించమనండి, వాళ్ల మెషీన్‌కి కాదు.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, తిరిగొచ్చిన మెయిల్స్ దాచుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. మేము చేశాం, రిఫండ్ ఇంకా రాలేదు.