క్లిప్ పెడల్స్, మామూలు బూట్లు: పటాన్‌చెరు దారిలో కొన్నేళ్లు వాడాక

క్లిప్‌లెస్ పెడల్స్ అంటే, పేరులో ‘లెస్’ ఉన్నా, బూటు అడుగున బిగించే క్లీట్ అనే చిన్న ముక్కని స్ప్రింగు క్లిప్‌తో పట్టుకునే పెడల్స్. ఇవి బిగించిన సైకిల్‌ని మామూలు బూట్లతో తొక్కొచ్చా? తొక్కొచ్చు. అయితే అది ఏ పెడల్, మీ బూటు అడుగు ఎంత గట్టిది, ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. చందానగర్ నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడకి కొన్నేళ్లుగా సైకిల్ మీదే డ్యూటీకి వెళ్తున్నాను. ఆదివారం అదే సైకిల్‌తో లాంగ్ రైడ్. ఆ రోజు క్లీట్ బూట్లు వేసుకుంటాను, మిగతా రోజుల్లో డ్యూటీ బూట్లు. రోజూ పెడల్స్ విప్పి మార్చే ఓపిక ఎవరికీ ఉండదు కదా.

ముందు రోడ్ పెడల్స్ సంగతి. 1985లో ఫ్రాన్స్ రేసర్ బెర్నార్ ఇనో ‘లుక్’ కంపెనీ పెడల్స్‌తో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాక రేసుల్లో పాత తోలు పట్టీల పెడల్స్ పోయి ఇవి వచ్చాయి. మూడు బోల్టుల పెద్ద క్లీట్, పట్టు ఒకవైపే, రెండోవైపు నున్నగా ఉంటుంది. వీటి మీద మామూలు బూటుతో వీధి చివరి దాకా కూడా వెళ్లొద్దని నా సలహా. షిమానో కంపెనీ 1990లో తెచ్చిన ఎస్‌పీడీ అనే రకం వేరు. అది మౌంటెన్ బైక్ వాళ్ల కోసం చేసింది. బురదలో, రాళ్లలో దిగి నడవాల్సి వస్తుంది కాబట్టి రెండు బోల్టుల చిన్న క్లీట్‌ని బూటు అడుగులోకి దింపారు. మామూలు బూట్లకి కాస్తో కూస్తో కుదిరేది ఈ రకమే. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా దీని గురించే.

రెండువైపులా క్లిప్ ఉండే చిన్న ఎస్‌పీడీ పెడల్ చాలాకాలం వాడాను. దాంట్లో అడుగు ఆనే చోటు చాలా తక్కువ. మధ్యలో స్ప్రింగు, దాని దవడలు పైకి పొడుచుకుని ఉంటాయి. క్లీట్ బూటులో గట్టి ప్లేటు ఉంటుంది కాబట్టి బరువు పాదమంతా పరుచుకుంటుంది. మెత్తటి కాన్వాస్ బూటులో ఆ అడ్డు లేదు, బరువంతా వేళ్ల వెనకున్న ఒక్కచోటే పడుతుంది. రెండు మూడు కిలోమీటర్ల దాకా ఏమీ తెలియదు. రామచంద్రాపురం దాటేసరికి గోళీ మీద నిలబడ్డట్టు ఉంటుంది. పాదాన్ని కాస్త ముందుకి జరిపి మధ్యభాగం ఆనిస్తే నొప్పి తగ్గుతుంది. దగ్గరి దూరాలకి అది పనికొచ్చే ఉపాయమే.

బూట్లలో నన్ను ఆశ్చర్యపరిచినవి షాప్‌ఫ్లోర్‌లో వేసుకునే సేఫ్టీ షూస్. బరువు ఎక్కువే, కానీ అడుగు వంగదు. కింద రబ్బరు గాట్లు లోతుగా ఉండి క్లిప్ అంచులని పట్టుకుంటాయి. డ్యూటీకి వెళ్లేటప్పుడు పాదం నొప్పి మాయమైంది వీటివల్లే. రన్నింగ్ షూస్‌లో ఫోమ్ మందంగా ఉంటుంది కాబట్టి మొదట్లో సుఖంగానే అనిపిస్తుంది. కానీ తొక్కిన ప్రతిసారీ బలం కొంత ఆ ఫోమ్ నలగడంలోనే పోతుంది, కొన్ని నెలలకి అడుగున గుంట పడుతుంది. ఆఫీసు లెదర్ బూట్ల అడుగు గట్టిదే, నొప్పి ఉండదు. కానీ నున్నటి సోల్, తడిసిన ఇనుము కలిస్తే జారుతుంది. చెప్పులతో మాత్రం అసలు వద్దు. ఇంట్లో పిల్లలు పాల ప్యాకెట్‌కి ఆ సైకిల్ తీస్తుంటే ముందే చెప్పి ఉంచండి. పాదం జారితే పెడల్ తిరిగొచ్చి మోకాలి కింద ఎముకకి కొడుతుంది.

జారే ప్రమాదం వేగంగా వెళ్తున్నప్పటికంటే సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడే ఎక్కువ. ఒంటి బరువంతా ఒక్క పెడల్ మీద వేసి లేస్తాం, వెనక బస్సు హారన్ కొడుతుంటుంది. వానాకాలంలో ముంబై హైవే మీద అక్కడ పాదం తప్పడమంటే మాటలు కాదు. అందుకే సిగ్నల్ రాకముందే చిన్న గేరుకి దింపుకుంటాను. అప్పుడు గట్టిగా తొక్కే పని ఉండదు.

క్లిప్‌లోకి నొక్కి బిగించే ప్లాస్టిక్ పలకలు కూడా వాడి చూశాను. పెడల్ ఒక్కసారిగా వెడల్పైనట్టు ఉంటుంది, ధరా తక్కువే. కానీ పలకని పట్టుకునేది ఆ స్ప్రింగే కాబట్టి పక్కకి మెలిపెడితే ఊడొస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద లేచి నిలబడితే అడుగు కింద అది కదలడం తెలుస్తూనే ఉంటుంది. కాలనీలో తిరగడానికి సరిపోతుంది. లారీల పక్కన వెళ్లే దారిలో నేను దాన్ని నమ్మను.

చివరికి స్థిరపడింది ఒకవైపు క్లిప్, ఒకవైపు చదును ఉన్న పెడల్ దగ్గర. షిమానో ఈహెచ్500 ఈ తరహాదే. చదును వైపు విప్పడానికి వీలున్న చిన్న పిన్నులు ఉంటాయి. ఏ బూటైనా ఆనుతుంది, పాదం నొప్పి అనే మాటే లేదు. ఆదివారం క్లీట్ బూట్లతో కొల్లూరు నుంచి నార్సింగి వైపు, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీద వెళ్తే రెండోవైపు పట్టుకుంటుంది. ఈ రకంలో ఉన్న చిక్కల్లా ఒకటే: బయల్దేరేటప్పుడు కావాల్సిన వైపు పైకి ఉండకపోవచ్చు. కాలి కొనతో తిప్పడం అలవాటయ్యేదాకా కిందికి చూడాల్సిందే. ట్రాఫిక్‌లో ఒక్కోసారి తప్పు వైపు మీదే నాలుగు తొక్కులు తొక్కి, దారి ఖాళీ అయ్యాక తిప్పుకుంటాను. రోజూ డ్యూటీకి, వారానికోసారి లాంగ్ రైడ్‌కి ఒకే సైకిల్ వాడేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే రకం. పూర్తిగా లాంగ్ రైడ్సే చేసేవాళ్లకి మాత్రం రెండువైపులా క్లిప్ ఉన్నదే మేలు, ఏ వైపని వెతుక్కోనక్కర్లేదు.

మార్చడం మన చేతి పనే. కొన్నిటికి 15 ఎంఎం పానా, కొన్నిటికి 8 ఎంఎం అలెన్ కీ కావాలి. ఎడమ పెడల్‌కి మర ఎదురు తిరుగుతుందని మరవకండి. బిగించే ముందు మరకి గ్రీజు రాయండి, లేకపోతే తర్వాత విప్పడం నరకం. చదును వైపు వాడుతున్నంతసేపూ క్లిప్ వైపు నేలకేసి ఉండి బురదనీళ్లు తాగుతుంది. వానాకాలంలో వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో తోమి, స్ప్రింగు దగ్గర చుక్క నూనె వేస్తే సరిపోతుంది. పిన్నులు మెత్తటి సోల్‌ని కొరికేస్తాయి. మంచి బూట్లతో వెళ్లేవాళ్లు ఎండాకాలంలో వాటిని విప్పి డబ్బాలో పెట్టుకుని, జూన్‌లో మళ్లీ బిగించుకోవచ్చు.