కోల్‌కతా యాత్ర: సమాధి దగ్గర అరగంట, బట్టల తొట్టి దగ్గర వారం

కోల్‌కతాలో మదర్ థెరిసా సమాధి ఒక్కటే చూసి రావాలంటే ఒక పూట చాలు. "కనికరముగలవారు ధన్యులు" అన్న క్రీస్తు మాట చేతల్లో ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకుంటే మాత్రం కనీసం ఏడు రోజులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు వీధులు తెలుసుకోవడానికీ, పని చూసి నేర్చుకోవడానికీ పోతాయి. మన చేయి ఎవరికైనా పనికొచ్చేది మూడో రోజు నుంచే.

రైలు సంగతి ముందే చూసుకోండి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాకు చేరుతుంది. విజయవాడ, విశాఖల మీదుగా పోయే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ షాలిమార్ స్టేషన్‌లోనే ఆగిపోతుంది. సామానుతో, పెద్దవాళ్లతో దిగితే అక్కడ బండి దొరకడం హౌరాలో ఉన్నంత సులువు కాదు. హౌరా నుంచి ఇప్పుడు గంగ కిందుగా ఎస్ప్లనేడ్‌కు మెట్రో ఉంది. అక్కడ లైను మారితే కాళీఘాట్ వరకు నేరుగా వెళ్లొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. సెప్టెంబరు 5న, ఆమె పండుగనాడు, జనం ఎక్కువ.

సమాధి ఉన్న మదర్ హౌస్, అంటే ఆమె స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీ ప్రధాన గృహం, ఏజేసీ బోస్ రోడ్డులో 54ఏ నంబరు భవనం. ప్రవేశానికి రుసుము లేదు. గురువారం సందర్శకులను రానివ్వరు. మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు మూసే ఉంటుంది. ఇది తెలియక ఎండలో గేటు బయట నిలబడేవాళ్లు రోజూ కనిపిస్తారు. సమాధి తెల్లగా, ఏ అలంకారమూ లేకుండా ఉంటుంది. దాని మీద బంతిపూల రేకులతో ఒక మాట పేర్చి ఉంచుతారు. మెట్లెక్కితే ఆమె ఉన్న చిన్న గది. కింద వంటగది కావడంతో ఎప్పుడూ వేడిగా ఉండేది, అయినా ఫ్యాను లేదు. ప్రార్థన గదిలో సిలువ పక్కన "దప్పిగొనుచున్నాను" అన్న క్రీస్తు మాట ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. ఈ సంస్థ గృహాలన్నింటిలోనూ ఆ మాట కనిపిస్తుంది. దాని ముందు కాసేపు కూర్చోండి. తర్వాత చేయబోయే పనికి మూలం అక్కడే ఉంది.

సేవ చేయదలిస్తే గుర్తింపు పత్రంతో ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. అది అదే రోడ్డులోని 78 నంబరు శిశు భవన్‌లో, అంటే వాళ్ల పిల్లల ఆశ్రమంలో, జరుగుతూ వచ్చింది. రోజులూ వేళలూ మారుతుంటాయి కాబట్టి మదర్ హౌస్‌లో అడిగి వెళ్లండి. నేరుగా ఆశ్రమానికి పోయి "మేం సేవకు వచ్చాం" అంటే పంపేస్తారు. రోగుల క్షేమం దృష్ట్యా అది సరైన పనే.

ఒక్కచోటే పనిచేసే వీలుంటే, చావుకు దగ్గరైన నిరుపేదలను చూసుకునే నిర్మల్ హృదయ్ ఎంచుకోండి. కాళీ గుడిని ఆనుకుని ఉన్న పాత యాత్రికుల సత్రం అది. 1952లో కార్పొరేషన్ ఇచ్చింది. మంగళ, శనివారాల్లో గుడి రద్దీ వల్ల ఆ సందులో నడవడం కష్టం, పెందలాడే చేరుకోండి. అక్కడ చనిపోయినవారికి వారి వారి మతాచారం ప్రకారమే అంత్యక్రియలు జరపాలన్నది మదర్ కాలం నుంచీ ఉన్న పద్ధతి. కనికరం పేరుతో ఎవరి విశ్వాసాన్నీ లాక్కోకూడదని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

పని బట్టలతో మొదలవుతుంది. తడిసిన దుప్పటిని ఒక్కరు ఎత్తలేరు. ఒకరు కొస గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు రెండో కొసను మెలిపెడుతూ పోవాలి, నీటి ధార సన్నబడి చుక్కలయ్యేదాకా. సగం పిండి ఆరేస్తే వానాకాలంలో సాయంత్రానికీ ఆరదు. ఆ చెమ్మ మీద పడుకున్న మనిషికి వీపు పుండ్లు పడతాయి. తినిపించేటప్పుడు చేసే తప్పు ఇంకా ప్రమాదం. పడుకున్నవారి నోట్లో అన్నం పెడితే అది గాలి గొట్టంలోకి పోయి న్యుమోనియాకు దారితీస్తుంది. ముందు కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, సగం చెంచా పెట్టండి. గొంతు కదిలి మింగారని చూశాకే రెండోది. గొంతులో గరగర వినిపిస్తే ఆపేసి సిస్టర్‌ను పిలవండి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. స్పర్శ లేని కాళ్లకు అడగకుండా గోళ్లు తీయొద్దు. స్వీట్లు పంచొద్దు, షుగర్ ఉన్నవాళ్లెవరో మనకు తెలియదు. ఫొటోలు అసలే వద్దు.

మూడు బెంగాలీ మాటలు చాలు: "జొల్" నీళ్లు, "బేథా" నొప్పి, "ఆస్తే" మెల్లగా. అక్కడ జీతానికి పనిచేసే ఆడవాళ్లను "మాషీ" అంటారు, అంటే పిన్ని. వాళ్లు చెప్పినట్టు చేయండి, రోగులు వాళ్లకే ఎక్కువ తెలుసు.

ఒక విమర్శ దాచకూడదు. 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ ఇక్కడికి వచ్చి చూసి, రోగనిర్ధారణ పద్ధతిగా లేదనీ, గట్టి నొప్పి మందులు లేవనీ రాశారు. ఆ మాట విశ్వాసులు వినాల్సిందే. క్రీస్తు చెప్పిన ఉపమానంలో మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిని పడున్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. మర్నాడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకా ఖర్చయితే తీరుస్తానన్నాడు. చేతి సేవ, వైద్యం, డబ్బు మూడూ ఆ ఉపమానంలో ఉన్నాయి. డబ్బు ఇవ్వదలిస్తే బాధ్యత చూసే సిస్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి, రోగి చేతిలో పెట్టొద్దు.

బసకు సడర్ స్ట్రీట్ చౌక, కానీ గదుల్లో చెమ్మ, రాత్రంతా సందడి. ఉదయం ఆరు గంటల దివ్యపూజకు మదర్ హౌస్ చేరాలంటే ఏజేసీ బోస్ రోడ్డు మీది మిషన్ గెస్ట్‌హౌస్‌లే మేలు. గదులు సాదాగా ఉంటాయి, ముందుగా రాసి అడగాలి. తిండికి ఇబ్బంది లేదు, అన్నం అన్నిచోట్లా దొరుకుతుంది.

ఒక రోజు మిగిలితే షాపింగ్ మానేసి, సియాల్దా నుంచి లోకల్‌లో టీటాగఢ్ వెళ్లండి. రైలు పట్టాల పక్కనే గాంధీజీ ప్రేమ్ నివాస్ ఉంది. సిస్టర్లు కట్టే మూడు నీలి అంచుల తెల్ల చీరలు అక్కడ కుష్ఠురోగం వచ్చినవారే మగ్గాల మీద నేస్తారు. ముందు అనుమతి తీసుకోవాలి. వేళ్లు అరిగిపోయిన చేయి నాడెను అటునుంచి ఇటు పంపుతుంటే మగ్గానికి అడ్డం రాకుండా పక్కన నిలబడి చూడండి.