చీరల కొట్లో ఫోనూ టీవీ: కేబుల్ బంగారం, టీవీ అంచులతోనే జాగ్రత్త

ఫోన్‌ని టీవీకి కలపడం గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: వైర్‌లెస్ జోలికి పోకండి, కేబుల్ కొనుక్కోండి. విజయవాడ వన్ టౌన్‌లో మాది చీరల హోల్‌సేల్. గుడివాడ, నూజివీడు, తిరువూరు, జగ్గయ్యపేట నుంచి చిన్న కొట్ల వాళ్ళు, ఇంట్లోనే చీరలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళు వస్తుంటారు. పరుపు మీద కూర్చోబెట్టి, గోడ మీది టీవీలో ఫోన్ నుంచి ఫొటోలు చూపిస్తాం. నచ్చినవి మాత్రమే గోడౌన్ నుంచి తెప్పిస్తాం. శ్రావణాలు, పెళ్ళిళ్ళ సీజన్లు దాటుకుంటూ వాడుతున్నాం కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

మొదట్లో వైర్‌లెస్సే. ఫోన్‌లో స్మార్ట్ వ్యూ నొక్కితే బొమ్మ టీవీలోకి వెళ్ళిపోయేది. అదే పని ఇంట్లో చేస్తే ఏ గొడవా లేదు. మా కాంప్లెక్స్‌లో మాత్రం కొట్టుకో వైఫై, కొట్టుకో టీవీ, మధ్యలో ఒక్క గోడ. లిస్టులో మా టీవీ కంటే పక్క కొట్టు టీవీయే ముందు కనిపించేది. ఓసారి మంచి బేరం నడుస్తుండగా మా తెర మీద ఫలానా ఫోన్ కనెక్ట్ అవుతానంటోంది, ఒప్పుకుంటారా అని వచ్చి కూర్చుంది. చూస్తే ఎదురు కొట్టు కుర్రాడిది. అదైనా నవ్వుకుని ఊరుకోవచ్చు. అసలు చిరాకు ఆలస్యంతో. ఇక్కడ వేలితో ఫొటో జరిపితే అక్కడ జరగడానికి ఓ క్షణం పట్టేది. కొనడానికొచ్చిన పార్టీ "ఆగాగు, ఇందాకటిది" అనేసరికి ఫోన్‌లో ఒక చీర, టీవీలో ఇంకో చీర. ఇందాకటిది ఏదో తేల్చుకోవడానికే సరిపోయేది.

ఫోన్ టైప్-సి రంధ్రానికి చిన్న అడాప్టర్, దాన్నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరు. ఈ కేబుల్ పెట్టాక ఆ బాధ పోయింది. వేలు కదిలితే టీవీ కదులుతుంది. పాస్‌వర్డ్ లేదు, లిస్టు లేదు, పక్కింటి వాళ్ళ పొత్తు లేదు. పొద్దున షట్టర్ తీయగానే గుచ్చడం, రాత్రి పీకేయడం. ఛార్జింగ్ కూడా ఎక్కించే అడాప్టర్ కాబట్టి మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోతుందన్న టెన్షన్ లేదు. ఛార్జర్ గుచ్చినా పీకినా తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వస్తుంది, అంతే. నాకు తెలిసి ఈ కొట్లో పెట్టిన ఏ వస్తువూ ఇంత తక్కువ డబ్బుకి ఇంత పని చేయలేదు.

కొనేముందు చూసుకోవాల్సింది మాత్రం ఒకటుంది. టైప్-సి రంధ్రం ఉంది కదా అని అడాప్టర్ కొనేయకండి. ఆ రంధ్రంలోంచి బొమ్మ బయటికి రావాలంటే ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనేది ఉండాలి. శాంసంగ్ ఎస్ సిరీస్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఐఫోన్లలో 2023లో 15తో టైప్-సి వచ్చినప్పుడు ఇదీ వచ్చింది. పదిహేను, ఇరవై వేల ఫోన్లలో చాలావాటికి ఉండదు. మా తమ్ముడి ఫోన్ నా ఫోన్ కంటే కొత్తది, అదే రంధ్రం, అదే అడాప్టర్. ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ టీవీలో చుక్క కూడా రాదు. బీసెంట్ రోడ్డులో అడిగితే "అన్నిటికీ పనిచేస్తుంది సార్" అంటారు. వాళ్ళ మాట పట్టుకోకుండా మీ ఫోన్ తీసుకెళ్ళి అక్కడే ఏదో ఒక తెరకి గుచ్చి చూసుకోండి. ఇంకో మాట: ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చే టైప్-సి వైర్లు చాలావాటిలో బొమ్మని మోసే తీగలే ఉండవు. టైప్-సి రంధ్రం ఉన్న మానిటర్‌కి ఆ వైరు పెట్టి, ఫోన్ పాడైందనుకున్న వాళ్ళని చూశాను.

ఇక అసలు కథ. మేం ఫొటో తీసేటప్పుడు చీర పక్కన ఓ చీటీ పెట్టి దాని మీద మార్కర్‌తో లాట్ నంబర్ రాస్తాం. టీవీ నిండుగా కనబడాలని కెమెరాలో ఫుల్ సైజు పెట్టి ఫోన్‌ని అడ్డంగా పట్టి తీస్తాం. చీటీ ఎప్పుడూ ఎడమ పక్క కింద మూల. పార్టీ టీవీ చూస్తూ నంబర్ చెబుతుంది, మా కుర్రాడు అది వేరే చీటీ మీద రాసి గోడౌన్‌కి పంపుతాడు, అక్కడ ఆ నంబర్ చూసి కట్ట కడతారు. గోడౌన్ వాళ్ళకి ఫొటో అక్కర్లేదు, నంబరే లెక్క.

శ్రావణం దగ్గర పడింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారాల్లో మా దగ్గర నిలబడ్డానికి చోటుండదు. గుడివాడ నుంచి ఎప్పుడూ వచ్చే అక్క ఒకావిడ వచ్చింది. మంగళగిరి కాటన్, నిజాం బోర్డర్, మామిడిపచ్చ. టీవీలో చూడగానే "ఇది చాలు, నలభై ఏడు రాసుకో, నాకు బస్సు టైమైంది" అని లేచింది. కట్ట ఆటోలో వేయించుకుని బస్టాండుకి వెళ్ళిపోయింది. రాత్రి ఫోన్.

"తమ్ముడూ, నేను మామిడిపచ్చ అడిగితే మెంతిరంగు కట్టిచ్చావేంటి? అదీ కాటన్ కూడా కాదు. టీవీలో చూపించేదొకటి, ఇచ్చేదొకటా?"

ఆవిడ గొంతులో కోపం కంటే అనుమానం ఎక్కువుంది, నాకు అదే గుచ్చుకుంది. గోడౌన్ కుర్రాడిని అడిగితే చీటీ తెచ్చి చూపించాడు: 47. వాడి తప్పేం లేదు. రాసిన వాడు "ఆవిడే చెప్పింది, టీవీలో నేనూ చూశాను" అన్నాడు. నా ఫోన్‌లో ఆ ఫొటో తీసి చూస్తే 147 అని శుభ్రంగా ఉంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కేబుల్ గుచ్చి టీవీలో అదే ఫొటో పెట్టాక అర్థమైంది. చీటీ ఎడమ అంచు తెరలో లేదు. ఒకటి మాయం, నలభై ఏడు మాత్రం మిగిలింది. 47 అంటే పాత సీజన్‌లో మిగిలిపోయిన సిల్క్ కాటన్ లాటు.

ఆవిడకి మర్నాడు పొద్దున్నే అసలు కట్ట మా ఖర్చుతో పంపించాం, పాత కట్ట వెనక్కి తెప్పించుకున్నాం. చీరలు టైముకి అందాయి గానీ, అప్పటి నుంచి ఆవిడ ఏ నంబర్ చెప్పినా "ముందు అంకె ఏదైనా మింగిందేమో చూడు" అంటుంది.

దీనికి కారణం కేబులూ కాదు, ఫోనూ కాదు. పాత డబ్బా టీవీల కాలంలో పిక్చర్ ట్యూబ్ అంచుల దగ్గర బొమ్మ తిన్నగా ఉండేది కాదు. అందుకని బొమ్మని కాస్త పెద్దది చేసి, అంచులు ఫ్రేమ్ వెనక్కి పోయేలా చూపించేవారు. దాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. ఇప్పటి పలక టీవీల్లో ఆ అవసరమే లేదు, అయినా చాలావాటిలో ఆ అలవాటు సెట్టింగ్ రూపంలో ఉండిపోయింది. సినిమా చూస్తే అంచున రెండు వేళ్ళ బొమ్మ పోయినా ఎవరికీ తెలియదు. మూలన నంబర్ పెట్టుకునే మాలాంటి వాళ్ళకే తెలుస్తుంది.

మందు చిన్నదే. రిమోట్‌లో పిక్చర్ సైజు దగ్గరికి వెళ్ళాలి. టీవీని బట్టి దాని పేరు జస్ట్ స్కాన్ అనో, ఫిట్ టు స్క్రీన్ అనో ఉంటుంది. కొన్నిట్లో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరు పీసీ అని మారిస్తే చాలు. ఒక ఇన్‌పుట్‌కి మార్చింది ఇంకో ఇన్‌పుట్‌కి వర్తించకపోవచ్చు. మా కుర్రాళ్ళు కేబుల్ పక్క రంధ్రానికి మార్చినప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది. అందుకే ఇప్పుడు చీటీని మూలన కాదు, కొంగు నడిమధ్యన పెడుతున్నాం. చీర అందం కొంచెం చెడుతుంది, చెడనీ.

ఈ టీవీ వల్ల చీరలు విప్పే పని తప్పిందని ఇన్నాళ్ళూ నేను అందరికీ చెప్పుకున్న మాట కూడా కొంత వెనక్కి తీసుకోవాలి. అది ఒకే రంగు కాటన్ల వరకు నిజం. నెమలికంఠం రంగు తీసుకోండి. పడుగు, అంటే నిలువు దారాలు, ఒక రంగు; పేక, అంటే అడ్డ దారాలు, ఇంకో రంగు; చీర కదిలితే ఒక వైపు నీలం, ఒక వైపు పచ్చ. కదలని ఫొటోలో అది రాదు, ఎంత ఖరీదైన టీవీ అయినా రాదు. అలాంటివి ఇప్పటికీ విప్పి, గుమ్మం దాకా తీసుకెళ్ళి వెలుతుర్లో తిప్పి చూపించాల్సిందే. పట్టుకి కూడా చేత్తో ముట్టుకోకుండా ఎవరూ ఊ అనరు.

రంగుల సంగతికొస్తే, టీవీని కొన్నప్పుడున్న వివిడ్ మోడ్‌లో వదిలేస్తే ఉల్లిపొర రంగు రాణి పింక్ అయిపోతుంది. ఆ మోడ్ షోరూంలో పక్క టీవీల కంటే మెరవడానికి, సరుకు అమ్మడానికి కాదు. మేం సినిమా మోడ్‌కి మార్చాం. మొదటి వారం వచ్చిన వాళ్ళంతా "టీవీ పాతబడిందా, పసుపుగా ఉంది" అన్నారు. వంకాయరంగు చీర ఒకటి టీవీ పక్కనే వేలాడదీసి, తెర మీద దాని ఫొటో పెట్టి, రెండూ దగ్గరగా వచ్చేదాకా రిమోట్ నొక్కుతూ కూర్చున్నాను. దగ్గరగా వచ్చాయి, ఒకటి కాలేదు. ఫొటోలు కూడా ట్యూబ్‌లైట్ కింద కాకుండా పొద్దుటి వెలుతుర్లో గుమ్మం దగ్గర తీస్తేనే ఆ మాత్రమైనా.

ఇంకొకటి, ఇది వ్యాపారం చేసేవాళ్ళకే. ఫోన్‌లో వచ్చేదంతా టీవీలో వస్తుంది. పార్టీ ఎదురుగా కూర్చుని ఉండగా పై వ్యాపారి దగ్గర నుంచి కొనుగోలు రేటుతో వాట్సాప్ మెసేజ్ పడితే ఆ పూట బేరం ముగిసినట్టే. అందుకని వెనక అద్దం పగిలిన పాత శాంసంగ్ ఎస్10 ఫోన్ ఒకటి సిమ్ తీసేసి దీనికే ఉంచాం. ఫొటోలు తప్ప అందులో ఏమీ లేవు. అడాప్టర్ తోక పొట్టిగా ఉన్నది చూసుకున్నాం, హెచ్‌డీఎంఐ వైరు బరువంతా ఫోన్ రంధ్రం మీద పడకుండా దాన్ని బల్లకి టేపుతో అంటించాం. మొదటి అడాప్టర్ అలా వేలాడి వదులై, చెయ్యి తగిలితే చాలు తెర ఆరిపోయేది.

మరి కొనమంటానా? నాకైతే గోడ మీద టీవీ ముందే ఉంది, పాత ఫోన్ పడి ఉంది, కొత్తగా పెట్టింది అడాప్టర్ ఖర్చొక్కటే. కాబట్టి నా లెక్క వేరు. దీనికోసమే టీవీ, ఫోన్ కొనాలంటే రెండుసార్లు ఆలోచిస్తాను. మీ అమ్మకం సగం పైగా వాట్సాప్‌లోనే నడుస్తుంటే దీని అవసరం పెద్దగా ఉండదు. రిటైల్ అయితే చెప్పలేను. అక్కడ చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటేనే గానీ కొనరు. మా నాన్నగారు ఇప్పటికీ పట్టు బేరం వస్తే రిమోట్ అందుకుని టీవీ ఆపించేస్తారు, నేనూ కాదనను. కాటన్లకీ, రోజువారీ కట్టు చీరలకీ, బస్సుకి టైమైందని గడియారం చూసుకునే పార్టీలకీ మాత్రం ఈ కేబుల్ లేకుండా వచ్చే శ్రావణం నేను నెట్టలేను.