నిమోడిపిన్ 30 మిల్లీగ్రాముల మాత్రలు: 21 రోజుల వాడకం తరువాత

మా అక్కకు మెదడులో ఉబ్బిన రక్తనాళం పగిలింది. ఆపరేషన్ చేసి ఆ ఉబ్బుకు క్లిప్పు వేశాక కూడా నాలుగు గంటలకొకసారి రెండేసి నిమోడిపిన్ మాత్రలు 21 రోజులపాటు వేయాలన్నారు. రోజుకు 12, మొత్తం 252 మాత్రలు.

ఉబ్బు మూసుకుపోయాక ఇంకా ఈ మందెందుకో నాకు మొదట బోధపడలేదు. నాళం వెలుపల చిందిన రక్తం విచ్ఛిన్నమవుతున్నకొద్దీ చుట్టుపక్కల ధమనులు బిగుసుకుంటాయనీ, నాలుగో రోజు నుంచి రెండు వారాల వరకు ఆ ముప్పు ఎక్కువనీ, రక్తం అందని భాగం శాశ్వతంగా దెబ్బతినవచ్చనీ న్యూరోసర్జన్ ఓపికగా వివరించారు. 1989లో ప్రచురితమైన బ్రిటిష్ అధ్యయనంలో 554 మంది రోగులు పాల్గొనగా, మందులేని మాత్ర వేసుకున్నవారిలో 33 శాతం మందికి అటువంటి నష్టం కలిగితే, నిమోడిపిన్ వాడినవారిలో అది 22 శాతమే. విచిత్రమేమంటే, పరీక్షల్లో కనిపించే ధమనుల బిగుతు దీనితో అంతగా తగ్గదు. అయినా రోగులు మెరుగ్గా కోలుకుంటారు.

దీని పెద్ద లోపం రక్తపోటును దించడం. ధమనులు బిగుసుకున్న వేళ మెదడుకు రక్తాన్ని నెట్టవలసింది ఆ ఒత్తిడే కనుక, అది పడిపోతే మేలు చేయవలసిన మందే కీడు చేస్తుంది. ఆరో రోజు అక్క బీపీ బాగా తగ్గినప్పుడు మందు ఆపకుండా, రెండు గంటలకొక మాత్రగా విడగొట్టారు. రాత్రంతా లేపడం ఆమెకు నరకమే, కానీ బీపీ నిలబడింది. మూర్ఛ రాకుండా ఇస్తున్న ఫెనిటాయిన్ ఈ మందును శరీరంలో త్వరగా కరిగించివేస్తుందని దాన్నీ మార్చారు. పాత మందుల చీటీ డాక్టరుకు చూపించడం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చాక మాత్రలు దొరకడం కష్టమైంది. ఒక దుకాణంలో ఇదీ అదే కోవకు చెందిందంటూ నిఫెడిపిన్ చేతిలో పెట్టబోయారు. పేర్లు దగ్గరగా ఉన్నా అది రక్తపోటును ఒక్కసారిగా పడగొట్టగల వేరే మందు, మెదడు రోగికి ప్రమాదం. నేను తీసుకోలేదు. నాలుగో దుకాణంలో అసలు మందు దొరికేసరికి ఒక మోతాదు వేళ దాటిపోయింది.

మందు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. ఆసుపత్రి నుంచి బయలుదేరేముందే మిగిలిన రోజులకు సరిపడా మాత్రలు లెక్కపెట్టి కొనుక్కోండి, ఇంట్లో బీపీ యంత్రం ఉంచుకోండి.